కంప్యూటరును తొందరపెట్టవచ్చునా?

రేడియో ముల్లు త్రిప్పు అలవాటు గలవారికి మెగాహెర్ట్జు అను మాట క్రొత్తది కాదు. హైదరాబాదు రెయిన్‌బో కేంద్రము 101.9 మీద వినబడునన్నచో, ఆ కేంద్రము పంపు విద్యుత్తరంగము సెకనుకు 10 కోట్ల 19 లక్షల మారులు ఊగుచున్నదని అర్థము. దీనికి మిక్కిలి చేరువైన అంకె యొకటి మన యింటి డెస్క్‌టాప్ కంప్యూటరులో గూడ నున్నది. నేడు వాడుకలోనున్న సాధారణ యంత్రములలో మూలగడియారము సెకనుకు 10 కోట్ల మారులు, అనగా 100 మెగాహెర్ట్జుల వేగమున కొట్టుకొనుచుండును. రేడియో కేంద్రము తన స్థానము చెదరకుండ నిలుపుకొనుటకు ఏ జాతి స్ఫటికపు పలుకు తోడ్పడుచు వచ్చినదో, ఈ గడియారమునకును ఆ జాతి స్ఫటికమే ఆధారము.

ఆ మూలగడియారపు తాళమును ప్రాసెసరు అను చిప్పు కొన్ని రెట్లు చేసికొని పనిచేయును. నలుబది రెట్లు చేసికొన్నచో నాలుగువేల మెగాహెర్ట్జులు, అనగా 4 గిగాహెర్ట్జులు. ఈ గుణకము ఎంత ఉండవలెనో కర్మాగారమువారే నిర్ణయించి పంపుదురు. అయితే కొన్ని జాతుల ప్రాసెసరులలో దానిని మార్చుకొను స్వేచ్ఛ కొన్నవారికి కలదు. కంప్యూటరు వెలిగిన వెంటనే మొట్టమొదట మేల్కొను బయాస్ అను ప్రోగ్రాములోనికి పోయి, నలుబదిని నలుబదియైదు చేసినచో, ఆ ప్రాసెసరే 4.5 గిగాహెర్ట్జులతో నడచుటకు యత్నించును. దీనినే ఓవర్‌క్లాకింగు అందురు. గోడగడియారపు ముల్లును ముందునకు జరిపినంత మాత్రమున ప్రొద్దు త్వరగా గ్రుంకదు గాని, ఈ గడియారమును త్వరపెట్టినచో పని నిజముగనే త్వరపడును.

ఇట్లు చేయవచ్చునా, చేసిన లాభమేమి, నష్టమేమి అని మమ్ము అడుగువారు తరచుగ తారసిల్లుచుందురు. అడుగువారిలో పెక్కుమంది కళాశాల విద్యార్థులు. వారి వెనుక నిలుచుండి వినువారు ఆ యంత్రమునకు వెల చెల్లించిన తలిదండ్రులు. మా ప్రసంగము ఉభయులకును ఉద్దేశింపబడినది.

ప్రాసెసరు లోపల లెక్క జరుగు తీరు, చెరువుకట్టకు మట్టి తట్టలు చేతులు మార్చి అందించు కూలీల వరుసను బోలియుండును. మేస్త్రి ఒక్కొక్క కేక వేయును. కేకకు కేకకు నడుమ ప్రతివాడును తన చేతిలోని తట్టను ప్రక్కవానికి అందించి, వెనుకటివాని తట్టను అందుకొని సిద్ధముగా నుండవలెను. గడియారపు ప్రతి కొట్టుడును అట్టి కేక. కూలీల స్థానమున ట్రాన్సిస్టరులున్నవి. 5 గిగాహెర్ట్జుల వేగములో రెండు కేకల నడుమ వ్యవధి సెకనులో 500 కోట్లవ వంతు. అంతలో వెలుతురు సహితము 6 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. ఆ వ్యవధిలో సంకేతము ట్రాన్సిస్టరుల బారు నొకదానిని దాటి, ఆవలి గట్టున స్థిరపడవలెను. వరుసలో మిక్కిలి పొడవైన దారి యేదో దానిని బట్టియే మేస్త్రి కేక వేయవలసియుండును. అంతకన్న త్వరగా వేసినచో ఎచ్చటనో ఒక తట్ట జారిపడును. ఇచ్చట తట్ట జారుట యనగా ఒకటి ఉండవలసిన చోట సున్న ఉండుట.

మరి కర్మాగారమువారు నిర్ణయించిన వేగమునకు పైన ఇంకను నడచుటకు చోటెచ్చటనుండి వచ్చినది? ఒకే సిలికాను పలకనుండి కోసిన చిప్పులన్నియు ఒకే తీరున ఉండవు. ఒకే చేనిలోని కంకులైనను గింజలు సమముగా నుండునా? ప్రతి చిప్పును పరీక్షించి, వేసవి వేడిలోను, కొంచెము తగ్గిన వోల్టేజిలోను, ఏండ్లు గడచి ముదిసిన పిదప గూడ తప్పక నడువగల వేగమునే దానిపై ముద్రింతురు. ఈ జాగ్రత్తకై విడిచిన వెసులుబాటు ప్రతి చిప్పులోను కొంత ఉండును. ఇది గాక వ్యాపారపు కారణములును కలవు. చవుక సరకునకు గిరాకి హెచ్చుగా నున్నపుడు, ఎక్కువ వేగము తట్టుకొనగల చిప్పునకు గూడ తక్కువ వేగపు ముద్ర వేసి అమ్ముట వింత కాదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము 1998వ సంవత్సరమునాటిది. ఆ యేడు ఆగస్టు 24న ఇంటెల్ సంస్థ విడుదల చేసిన ప్రాసెసరులలో రెండింటిని చెప్పుకొందము. ఒకటి 450 మెగాహెర్ట్జుల పెంటియం 2, వెల 669 డాలర్లు. రెండవది 300 మెగాహెర్ట్జుల సెలెరాన్ 300ఏ, వెల 149 డాలర్లు. పేదవాని ప్రాసెసరుగా వచ్చిన ఈ రెండవదానిలో ఒక విశేషమున్నది. చేతికందుబాటులో నుంచుకొనవలసిన సమాచారమునకై ప్రాసెసరు చెంత క్యాష్ అను చిన్న కొట్టు నుంతురు. పెంటియం 2లో ఆ కొట్టు 512 కిలోబైట్లది. పెద్దదే గాని, వేరు చిప్పులలో నుండి సగము వేగముననే నడచెడిది. సెలెరాన్‌లో 128 కిలోబైట్లే. అయినను అది ప్రాసెసరు చిప్పులోపలనే యుండి, దానితో సమానమైన వేగమున నడచెడిది. వెలుపలి చిప్పులు లేవు గనుక వేగము పెంచినపుడు వెనుకబడి అడ్డుపడునవియు లేవు.

ఆనాటి సెలెరాన్ గుణకము నాలుగున్నర. దానిని మార్చుటకు వీలు లేకుండ కర్మాగారముననే బిగించియుండిరి. మూలగడియారము 66 మెగాహెర్ట్జులు. నాలుగున్నర రెట్లు 300. గుణకము కదలనపుడు మూలగడియారమునే కదల్చుదమని ఔత్సాహికులు తలచిరి. పెంటియం 2 కొరకు తయారైన మదర్‌బోర్డులలో మూలగడియారము 100 మెగాహెర్ట్జులకు పోగలదు. అచ్చట సెలెరాన్‌ను గూర్చి 100 అని పెట్టినచో, నాలుగున్నర రెట్లు 450! చాల చిప్పులు మారు పలుకక ఆ వేగమున నడచినవి. కొన్నిటికి మాత్రము 2 వోల్టులున్న వోల్టేజిని కొంచెము పెంచవలసి వచ్చినది. ఎంత పెంచినను మొండికేసినవియు లేకపోలేదు.

ఇందులో మాకు మిక్కిలి నచ్చిన సూక్ష్మ మొకటి చెప్పెదము. ప్రాసెసరుతో బాటు డిస్కు మొదలగు పరికరములకును మూలగడియారమునుండియే తాళము పోవలెను. వాటికి 33 మెగాహెర్ట్జులు కావలెను. మూలము 66 అయినపుడు దానిని రెండు చేత, 100 అయినపుడు మూడు చేత భాగించి 33 నిచ్చు ఏర్పాటు బోర్డులో నున్నది. కాని ‘అంత ఆశ యేల, కొంచెమే పెంచుదము’ అని జంకుచు 83 పెట్టినవాని సంగతి చూడుడు. ఆ బోర్డులలో పెక్కింట రెండు చేతనే భాగింపబడి, డిస్కునకు 33కు బదులు 41 దాటిన తాళము పోయెడిది. ప్రాసెసరు 375 వద్ద సుఖముగనే యుండెడిది గాని, డిస్కులోని వ్రాతలు చెడెడివి. ధైర్యము చేసి 450కి పోయినవాని డిస్కు క్షేమము, జంకి 375 వద్ద ఆగినవాని డిస్కు ప్రమాదము! ఈ పనిలో కొంచెము పెంచుట ఎల్లప్పుడును కొంచెపు ప్రమాదము కాదు.

ఇదే కాలమున మోసగాండ్రు తక్కువ వేగపు చిప్పులమీది ముద్రలను చెరిపి, ఎక్కువ వేగపు ముద్రలు వేసి అమ్మిన సంఘటనలు నడచినవి. గుణకమును బిగించుటకు అదియు నొక కారణము. పిమ్మట 2011లో వచ్చిన తరములో ఇంటెల్ మూలగడియారమును ఇతర పరికరముల తాళముతో పెనవేసినది. దానిని నూటికి కొలదిపాళ్లు మించి కదల్చుటకు వీలు లేకపోయినది. దానికి మారుగ పేరు చివర ‘కె’ అను అక్షరమున్న ప్రాసెసరులలో గుణకమును విప్పి, వాటికి కొంత ఎక్కువ వెల కట్టినది. దొంగచాటు విద్యయైనది అంగడి సరకైనదన్నమాట.

ఇక వోల్టేజి సంగతి. వోల్టేజి యనగా ఇచ్చట గోడప్లగ్గులోని 230 వోల్టులు కాదు. గోడనుండి వచ్చిన విద్యుత్తును కంప్యూటరు పెట్టెలోని సరఫరా యూనిట్టు 12 వోల్టులకు దించును. మదర్‌బోర్డు దానిని మరల సుమారు ఒకటింబావు వోల్టుకు దించి ప్రాసెసరునకు అందించును. ఇంటికి స్టెబిలైజరు పెట్టినంత మాత్రమున ఈ చిన్న వోల్టేజి మెరుగుపడదు. అది చిన్నదేగాని దాని వెంట వచ్చు కరెంటు చిన్నది కాదు. 250 వాట్లు తీసికొను ప్రాసెసరునకు ఒకటింబావు వోల్టు వద్ద 200 ఆంపియర్లు కావలెను. మన యింటి చిన్న ప్లగ్గు 5 ఆంపియర్లది. అంత ప్రవాహము నాణెమంత చోటిలోనికి వచ్చి పోవుచుండునన్న తలపే మాకు ఆశ్చర్యము గొల్పును.

వోల్టేజి పెంచినచో ట్రాన్సిస్టరు త్వరగా తెరచుకొని త్వరగా మూసికొనును. కూలీలకు కడుపునిండ అంబలి పోసినట్లు. కావున వేగము పెంచి, యంత్రము తడబడినచో వోల్టేజి కొంచెము పెంచుట ఈ విద్యలోని ప్రధానమైన ఎత్తు. కాని బయాస్‌లో పెట్టిన అంకె ప్రాసెసరునకు ఎల్లవేళల అట్లే అందదు. బావి మోటారు వేయగనే ఇంటిదీపము ఒక్క క్షణము మసకబారుట చూచియే యుందురు. బరువైన పని తటాలున మీదపడినపుడు ప్రాసెసరు వోల్టేజియు నట్లే జారును. ఆ జారుడును సరిదిద్దు ఏర్పాటును బోర్డులవారు ఇచ్చుచున్నారు. దానిని మితిమీరి బిగించినచో, బరువు దిగిన క్షణమున వోల్టేజి పైకి ఎగసి, మనము పెట్టిన అంకెను దాటిపోవును. తెరమీద కనబడు అంకె నిదానముగా కొలిచినది గాన ఆ ఎగసిపాటు అందులో కానరాదు.

వేడి విషయమై ఒక చిన్న లెక్క చెప్పెదము. ప్రాసెసరు పనిచేయుటలో ఖర్చగు శక్తి వేగమునుబట్టి పెరుగును, వోల్టేజియొక్క వర్గమునుబట్టి పెరుగును. 4 గిగాహెర్ట్జులు, 1.20 వోల్టుల వద్ద 100 వాట్లు తీసికొను చిప్పును 4.6 గిగాహెర్ట్జులకు పెంచి, అందులకై 1.38 వోల్టులు ఇచ్చితిమనుకొనుడు. రెండును నూటికి 15 పాళ్లే పెరిగినవి. శక్తియో 1.15ను మూడుమారులు గుణింపగా వచ్చు 1.52 రెట్లైనది. అనగా 15 పాళ్ల వేగమునకు 52 పాళ్ల వేడి. పైగా చిప్పు వేడెక్కినకొలది, వోల్టేజి పెరిగినకొలది, ఏ పనియు చేయకయే ట్రాన్సిస్టరులలోనుండి కారిపోవు విద్యుత్తు అధికమగును. అది మరికొంత వేడిని పుట్టించును.

ఈ వేడి అంతయు ఎంతచోట పుట్టుచున్నదో గూడ చూడవలెను. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగము సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 5 వాట్లు. 250 వాట్ల ప్రాసెసరు చిప్పు వైశాల్యము రెండున్నర చదరపు సెంటీమీటర్ల పైచిల్లర. చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 100 వాట్లు. ఇస్త్రీపెట్టెకన్న ఇరువదిరెట్ల దట్టమైన వేడి! బట్టను కాల్చు ఇస్త్రీపెట్టెను చూచి భయపడు మనము, దానికి ఇరువదిరెట్ల దానిని చల్లగా నుంచవలెనని కోరుచున్నాము.

ఆ పని చేయునది ప్రాసెసరు నెత్తిమీది చల్లార్పు సాధనము. నున్నగా కనబడు రెండు లోహపు పలకలను ఒకదానిపై నొకటి బోర్లించినను, నడుమ కంటికి కానరాని గాలిగూళ్లు మిగులును. గాలి వేడిని సరిగా పోనీయదు. ఆ గూళ్లను పూడ్చుటకే నడుమ ఒక పేస్టును పూయుదురు. అది లోహముకన్న మెరుగుగా వేడిని మోయునదను భ్రమతో దోసెపిండి వలె దట్టముగా పూయువారున్నారు. పేస్టు గాలికన్న మేలు, లోహముకన్న తీసికట్టు. కనుక గూళ్లు పూడుటకు చాలినంతయే చాలును. పలకమీదినుండి రాగిగొట్టములు బయలుదేరి అల్యూమినియపు రెక్కలలోనికి పోవును. ఆ గొట్టములు గట్టివి కావు. లోపల గాలి తీసివేసి కొలదిపాటి నీరు పోసి మూతలు కరగించియుందురు. గాలి లేనందున నీరు తక్కువ వేడికే ఆవిరియై పైకొనకు పోయి, అచ్చట చల్లబడి మరల నీరై, లోపలి ఒరలవెంట దిగివచ్చును. మట్టికూజాలో నీరు ఆవిరియగుచు చల్లదన మిచ్చుట మనకు తెలిసినదే. ఇచ్చట ఆ ఆవిరి వెలుపలికి పోక, ఆ నీరే ఏండ్లతరబడి తిరుగుచుండును. చివరకు ఫ్యాను రెక్కలమీదుగా గాలిని తోలి వేడిని గదిలోనికి పారద్రోలును. పంపుతో నీటిని త్రిప్పు సాధనములలో గూడ వేడి చేరవలసినది గదిలోని గాలికే. దారి మాత్రమే వేరు.

గది మాట వచ్చినది గనుక మా యింట జరిగిన దొకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మేము 3.3 గిగాహెర్ట్జుల ప్రాసెసరును 4.6కు పెంచి వాడుకొంటిమి. జనవరిలో రాత్రివేళ గది 20 డిగ్రీలున్నపుడు పరీక్షించితిమి. బరువైన పనిలో చిప్పు 73 డిగ్రీలు చూపినది. ఒక గంట నడచినది, ఆగలేదు. ఇక చాలునని తృప్తిపడితిమి. మే నెలలో, మా మేనత్త పాడిన మంగళహారతులు, పెండ్లిపాటలు గల పాత క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించితిమి. గది 41 డిగ్రీలు. చల్లార్పు సాధనము చేయగలది చిప్పునకు గదికి నడుమ తేడాను నిలుపుటయే. ఆ తేడా 53 డిగ్రీలు జనవరిలోను ఉన్నది, మేలోను ఉన్నది. కావున చిప్పు 94కు పోయినది. యంత్రము ఆగలేదు, తెర నీలముగా మారలేదు, ఫ్యాను మాత్రము కొంత బిగ్గరగా మ్రోగినది. మేము పాటలు విని, వాటిని కుదించి, మూటగట్టి దాచితిమి.

మూడు నెలలకు ఆ మూటను విప్పబోగా ఏడు పాటలు విప్పుకొనలేదు. లోపలి సమాచారమునకును, దాని వెంట వ్రాసియుంచిన సరిచూపు అంకెకును పొంతన లేదు. మొదట డిస్కును అనుమానించితిమి. డిస్కు నిర్దోషి. గుణకమును పూర్వపు అంకెకు దించి, మిగిలిన క్యాసెట్లతో అట్లే చేసి చూడగా ఒక్కటియు తప్పలేదు. వేసవిలో కూలీలు తట్టలు జారవిడుచుచునే యుండిరి, కేకలు మాత్రము ఆగలేదు. ఏడింటిలో ఆరు పాటలను మరల క్యాసెట్లనుండి తీసికొంటిమి. ఏడవదాని టేపు మొదటిసారి వినునపుడే తెగిపోయినది. అత్తయ్య అప్పటికి లేదు.

అందువలన మమ్ము అడుగు విద్యార్థులకు మేము మొట్టమొదట చెప్పునది, యంత్రము ఆగిపోవుట అదృష్టమని. ఆగిపోయినచో తప్పు తెలియును. ఆగక తప్పులెక్క చేయునదియే ప్రమాదకరము. దానిని పట్టుటకు జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయింపవలెను. ప్రైమ్95 అను ప్రోగ్రామును ఇందులకు విరివిగా వాడుదురు. ఇది నిజమునకు 1996లో మొదలైన పెద్ద ప్రధానసంఖ్యల అన్వేషణకొరకు వ్రాసినది. అందు ఒక్క అంకె తప్పినను దినములకొలది చేసిన లెక్క వ్యర్థమగును గాన, యంత్రము నమ్మదగినదో కాదో తేల్చు పరీక్షను ఆ ప్రోగ్రాములోనే చేర్చిరి. జ్ఞాపకశక్తి చిప్పులకు మెమ్‌టెస్ట్86 అనునది వేరుగా కలదు. పరీక్ష గంటసేపు గాక రాత్రంతయు నడువవలెను. జనవరిలో గాక, మే నెల మధ్యాహ్నము తలుపులు మూసిన గదిలో నడువవలెను. గుణకమును ఒక్కొక్క అంకె చొప్పుననే పెంచవలెను. వోల్టేజిని వోల్టులో నూరవవంతు, రెండువంతుల చొప్పున పెంచవలెను. ప్రతి మెట్టును కాగితముమీద వ్రాసికొనవలెను. పిల్లలు ఈ చివరిది తప్ప అన్నియు చేయుదురు.

ఎంత వోల్టేజివరకు క్షేమమని అడుగుదురు. అన్ని తరములకును వర్తించు అంకె యొకటి లేదు. ఉన్నదనుకొన్నవారు దెబ్బతినిరి. పెంటియం 4 మొదటి తరమునకు 1.75 వోల్టులు మామూలు. 2002లో నార్త్‌వుడ్ అను పేర వచ్చిన తరువాతి తరములో తీగలు మరింత సన్ననివి, మామూలు వోల్టేజి 1.5. పాత అలవాటుచొప్పున 1.7 దాటించినవారి చిప్పులు కొన్ని వారములలోనో నెలలలోనో ముందు సూచన లేకుండ చచ్చిపోయినవి. సన్నని తీగలో ప్రవాహము హెచ్చైనపుడు, ఏటిలో ఇసుక కొట్టుకొనిపోయినట్లు, లోహపు పరమాణువులే స్థానము తప్పి కొట్టుకొనిపోవును. ఒకచోట మేట వేయును, ఒకచోట గండి పడును. వేడి ఈ కోతకు తోడ్పడును.

ఇటీవలి సంగతులును రెండున్నవి. 2023 ఏప్రిలులో ఏ.ఎం.డి. వారి రైజెన్ 7000 తరగతిలో కొన్ని ప్రాసెసరులు కాలిపోయినట్లు వార్తలు వెలువడగా, చిప్పులో ఒక భాగమునకు పోవు వోల్టేజి 1.3 దాటకుండ బయాస్‌లోనే కట్టడి చేసిరి. 2024లో ఇంటెల్ 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసరులు కొన్ని కాలక్రమమున తడబడుటకు కారణము, కోరవలసిన దానికన్న ఎక్కువ వోల్టేజిని చిప్పే కోరుట యని తేలినది. ఆగస్టులో ఆ కోర్కెను 1.55 వోల్టులవద్ద ఆపు సవరణ పంపి, హామీని రెండేండ్లు పొడిగించిరి. దెబ్బతిన్న చోటు చిప్పులో గడియారపు తాళమును పంచు శాఖయే. జరిగిన నష్టమును ఆ సవరణ మాన్పజాలదు, క్రొత్తది కలుగకుండ మాత్రమే కాపాడును. గమనింపవలసినదేమనగా, ఆ యంత్రములవారందరును గుణకమును ముట్టినవారు కారు.

ఏలయనగా నేటి ప్రాసెసరులు తమ్ము తామే త్వరపెట్టుకొనుచున్నవి. 2024 మార్చిలో వచ్చిన కోర్ ఐ9 14900కెఎస్ అనునది పెట్టెలోనుండి తీసినది తీసినట్లే, వీలున్నపుడు 6.2 గిగాహెర్ట్జులకు ఎగబ్రాకును. వేడి హద్దు చేరినచో తనంతతానే వేగము తగ్గించుకొనును. 1998లో కొన్నవానికి విడిచిన వెసులుబాటును నేడు కర్మాగారమువారే ముందుగ వాడివేయుచున్నారు. మిగిలినది స్వల్పము. పోటీలకై ద్రవనైట్రొజనును పోసి 196 డిగ్రీల మంచుచలిలో 9 గిగాహెర్ట్జులు దాటించువారు లేకపోలేదు. అది కొలది నిమిషముల వేడుక. గదికన్న చల్లనైన ప్రతి తావునను గాలిలోని తేమ నీరై పట్టును గనుక బోర్డంతయు పొదిగి కాపాడవలెను. ఇంటిలో పనికివచ్చు విద్య కాదు.

ఇంటిలో పనికివచ్చునది మరొకటి కలదు. వేగమును అట్లే యుంచి వోల్టేజిని కొంచెము తగ్గించుట. నూటికి 10 పాళ్లు తగ్గినచో, వర్గపు లెక్కచొప్పున వేడి 19 పాళ్లు తగ్గును. ఆ 19 పాళ్ల చల్లదనమును చిప్పే గ్రహించి, కొన్ని పనులలో మునుపటికన్న ఎక్కువసేపు పైవేగమున నిలువగలదు. శక్తి ఇన్ని వాట్లకు మించరాదని బయాస్‌లో హద్దు పెట్టుటయు మంచిదే. రైజెన్ యంత్రములలో ఎకో మోడ్ అను పేర ఈ వసతి సిద్ధముగనే యుండును. అయితే కూలీలకు అంబలి తగ్గించినను తట్ట జారవచ్చును. పైన చెప్పిన పరీక్షలు దీనికిని అన్నియు కావలెను. రామగుండమువైపో రెంటచింతలవైపో ఉండువారు ఏప్రిలు మొదటివారముననే పెట్టె తెరచి, రెక్కలలోని దుమ్మును మెత్తని కుంచెతో దులుపుకొన్నచో, కొన్ని డిగ్రీలు ఖర్చులేకయే దిగివచ్చును. దులుపునపుడు ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను.

పిల్లలు అంకెలు మార్చగా యంత్రము అసలే మేలుకొనకున్నచో కంగారు పడనక్కరలేదు. ప్లగ్గు తీసివేసి, మదర్‌బోర్డుమీద రూపాయి బిళ్లవలె గుండ్రముగా మెరయు చిన్న బ్యాటరీని ఊడదీసి, పది నిమిషములు తాళి మరల పెట్టినచో, చాల బోర్డులలో పెట్టిన అంకెలన్నియు తుడిచిపెట్టుకొనిపోయి కర్మాగారపు అంకెలు తిరిగివచ్చును. తేదీయు సమయమును మాత్రము క్రొత్తగా దిద్దుకొనవలసియుండును.